పంక్తిలో చోటు దక్కని ఆట: టెర్రానిగ్మా

పాత కన్సోల్ ఆటల్లో దేన్ని క్లాసిక్ అనాలన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే సమాధానాల్లో ఆట గుణం కంటే అది ఎంతమంది చేతుల్లో పడిందన్న లెక్కే ఎక్కువగా ఉంటుంది. ఎక్కువమంది ఆడిన ఆట గురించి ఎక్కువమంది రాస్తారు, ఆ రాతలు చదివి మరికొందరు ఆడతారు, కంపెనీ దాన్ని కొత్త యంత్రాలకు మళ్లీ తెస్తుంది, ఇరవై ఏళ్లు గడిచేసరికి దాని పేరు జాబితాల్లో పాతుకుపోతుంది. మొదటి మెట్టు మీదే జారిపోయిన ఆట ఎంత మంచిదైనా, తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకు చెప్పుకునే ముచ్చటగా మిగిలిపోతుంది. క్వింటెట్ సంస్థ సూపర్ నింటెండో అనే పదహారు బిట్ల కన్సోల్ కోసం రూపొందించగా 1995లో వెలువడిన టెర్రానిగ్మా అటువంటి ఆట. దానికి క్లాసిక్ అన్న పేరు దక్కాలనే నా అభిప్రాయం. అయితే అభిమానులు అందుకు చూపే కారణాల్లో సగం నాకు బలహీనంగా తోస్తాయి. వాళ్లు చూసీ చూడనట్టు వదిలేసే లోపాలు మాత్రం నిజమైనవే.

ముందు అది జారిపోయిన తీరు చెప్పాలి. జపాన్‌లో ప్రచురణ సంస్థ ఎనిక్స్ ఈ ఆటను 1995 అక్టోబరులో విడుదల చేసింది. సోనీ ప్లేస్టేషన్ అక్కడ అంతకు ముందటి డిసెంబరులోనే మార్కెట్లోకి వచ్చింది. రోల్ ప్లేయింగ్ ఆటలను, అంటే ఒక పాత్రను చేపట్టి కథ వెంట దాని బలం పెంచుకుంటూ పోయే ఆటలను, ఇష్టపడేవాళ్లకు అదే ఏడాది మార్చిలో వచ్చిన క్రోనో ట్రిగర్ రూపంలో కావలసినంత విందు అప్పటికే దొరికింది. యూరప్‌లో నింటెండో దీన్ని 1996 డిసెంబరులో గాని విడుదల చేయలేదు. ఆనాటికి అక్కడి దుకాణాల్లో ప్లేస్టేషన్ ఏడాదికి పైగా అమ్ముడవుతోంది, త్రీడీ బొమ్మల ముందు పదహారు బిట్ల ఆట ఏదైనా వెలవెలబోతున్న కాలమది. ఇక ఉత్తర అమెరికా సంగతికి వస్తే, ఎనిక్స్ అక్కడి తన శాఖను 1995లోనే మూసివేసింది. ఇంగ్లీషు అనువాదం తయారై ఉండి కూడా, ఇంగ్లీషు ఆటలకు అతి పెద్ద మార్కెట్ అయిన దేశంలో ఈ క్యాట్రిడ్జ్ (యంత్రంలో దూర్చే ఆట బిళ్ల) అమ్మకానికి రాలేదు. యూరప్ క్యాట్రిడ్జ్ తెప్పించుకున్నా ప్రాంతీయ తాళం వల్ల అమెరికా యంత్రంలో అది ఉన్నదున్నట్టుగా నడవదు. ఆ తర్వాత అధికారికంగా మళ్లీ విడుదల కాకపోవడంతో కొత్త తరాలకు పరిచయమయ్యే దారి కూడా మూసుకుపోయింది. విమర్శకుల తిరస్కారానికి గురైన ఆటలు వేరు. దీన్ని తిరస్కరించడానికైనా చాలామందికి అవకాశం రాలేదు.

క్వింటెట్‌కు ఈ ఆట ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1990లో వచ్చిన యాక్ట్‌రైజర్‌లో ఆటగాడే దేవుడై ఊళ్లు పెంచుతాడు. 1992 నాటి సోల్ బ్లేజర్‌లో రాక్షసులను ఓడించేకొద్దీ బందీలైన జీవులు విడుదలై ఖాళీ నేల మీద ఊళ్లు తిరిగి వెలుస్తాయి. 1993లో ఇల్యూజన్ ఆఫ్ గాయా వచ్చింది. నశించినదాన్ని తిరిగి బతికించడం అన్న ఒకే చింతన ఈ ఆటలన్నిటి వెనకా తిరుగుతూ ఉంటుంది. టెర్రానిగ్మా ఆ చింతనకు వేసిన కొత్త ప్రశ్న ఏమిటంటే, బతికించినవాడికి దక్కేది ఏమిటి అని. అంతకు ముందటి ఆటల్లో పునరుజ్జీవనం గెలుపుకు గుర్తు. ఇక్కడ ప్రతి గెలుపూ కథానాయకుడి దగ్గర నుంచి ఏదో ఒకటి పట్టుకుపోతుంది.

కథ భూగర్భంలోని క్రిస్టా అనే గ్రామంలో మొదలవుతుంది. ఆర్క్ అల్లరి కుర్రవాడు. తెరవవద్దని పెద్దాయన కట్టడి చేసిన తలుపును బద్దలుకొట్టి, లోపలున్న పెట్టెను తెరుస్తాడు. అందులోంచి యోమి అనే వింత జీవి బయటికి వస్తుంది, ఊరంతా ఉన్నచోటనే గడ్డకట్టుకుపోతుంది. మగ్గం ముందు కూర్చునే ఎల్ అనే అమ్మాయి కూడా. వాళ్లను విడిపించాలంటే ఐదు గోపురాల పరీక్షలు నెగ్గాలని పెద్దాయన చెబుతాడు. ఆ గోపురాలు జయిస్తున్నకొద్దీ భూమి పైన ఎప్పుడో మునిగిపోయిన ఖండాలు తిరిగి తేలుతాయి. ఊరిని కాపాడుకోవడం కోసం చేసిన పని ప్రపంచాన్ని సృష్టించడం అవుతుంది. ఆర్క్‌కు ఆ సంగతి సరిగా అర్థం కాదు, మనకూ కాదు, పెద్దాయన కూడా వివరంగా చెప్పడు. కుతూహలం కొద్దీ తప్పు చేసిన పిల్లవాడి చేత అంత పెద్ద పని ఎవరు, ఎందుకు చేయిస్తున్నారన్న అనుమానం అప్పుడే పుట్టాలి. ఆటగాడిగా మనం చెప్పిన చోటికి వెళ్లి చెప్పింది చేయడానికి అలవాటుపడి ఉంటాం కనుక పుట్టదు. కథ ఆ అలవాటు మీదే పందెం కాసింది.

రెండో అధ్యాయమే ఈ ఆటకు గుండె, అందుకే దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఆర్క్ భూమి మీదికి చేరేసరికి అక్కడ ప్రాణం లేదు. కనిపించే భూపటం మన భూగోళాన్నే పోలి ఉంటుంది కాని అంతా బోడి నేల. మొదట రా అనే మహావృక్షాన్ని పట్టిన పీడ వదిలిస్తే మొక్కలు బతుకుతాయి. తరువాత గాలి, పక్షులు, ఆ తరువాత జంతువులు, చివరికి మనుషులు. ఆర్క్ ఈ జీవులన్నిటితో మాట్లాడగలడు. చెట్టు తన బాధ చెప్పుకుంటుంది, పక్షి తన కోరిక చెబుతుంది, సింహం పిల్ల తన భయం చెబుతుంది. పల్లెల్లో మనుషులు ఉండవలసిన చోట మొక్కలూ మృగాలూ ఉండడం తప్పితే, మిగతా ఆటల్లో జరిగే సంభాషణల పద్ధతే ఇది కాబట్టి కొద్దిసేపటికి అందులో విశేషమేమీ లేదనిపిస్తుంది. అలా అనిపించేలా చేయడమే రచయితల ఉద్దేశం.

ఈ భాగంలోనే ఎక్లెమాటా మంచుకొండ ఘట్టం ఉంది. మంచు కూలి ఆర్క్ ఒక ఆడ మేకతో పాటు చిక్కుకుపోతాడు. పక్కన ఆమె తోడు చచ్చి పడి ఉంటాడు. బతకాలంటే అతని మాంసం తినమని చెప్పేది ఆమే. చిన్న బొమ్మలు, రెండు మూడు పంక్తుల మాటలు, ఏడుపు సంగీతం లేని గది. పిల్లలు కూడా ఆడే ఆటలో ఆకలిని గురించి ఇంత సూటిగా మాట్లాడిన దృశ్యం ఆ కన్సోల్ మీద మరొకటి నాకు కనిపించలేదు. జీవం మరో జీవాన్ని తిని నిలబడుతుందన్న మాటను ఎవరూ ఉపన్యాసంగా చెప్పరు. మేకతో మాట్లాడగలగడం అన్న సౌకర్యాన్ని అప్పటిదాకా ముచ్చటగా అనుభవించిన మనం, ఆ సౌకర్యం వల్లనే ఈ సంభాషణ నుంచి తప్పించుకోలేకపోతాం.

చివరికి మనుషులు మేల్కొంటారు. ఆర్క్ స్పృహ తప్పి, కొన్నేళ్లు గడిచాక లాసాలో కళ్లు తెరుస్తాడు. ఆ తర్వాత జంతువుల దగ్గరికి వెళ్లి బటన్ నొక్కితే వినిపించేది అరుపే. చెట్లు పలకవు. నిన్నటిదాకా పేరు పెట్టి పిలిచినవాడిని వాళ్లు గుర్తుపట్టినట్టు కూడా మనకు తెలియదు. ఇంతటి నష్టాన్ని ఆట సినిమాలాగా ప్రదర్శించదు. అలవాటైన బటన్‌కు అలవాటైన ఫలితం రాకపోవడమే దాని ప్రదర్శన. పుస్తకంలో ఇదే సంగతి రాయవచ్చు, తెర మీద చూపించవచ్చు, కాని మాట్లాడబోయి భంగపడిన చేయి మనదే కావడం ఆటలో మాత్రమే సాధ్యం. ఆట అన్న మాధ్యమానికి మాత్రమే చేతనైన పని ఒకటైనా పూర్తిగా చేసి చూపించడం క్లాసిక్‌కు నేను పెట్టుకున్న కొలత. ఈ ఒక్క మలుపుతోనే టెర్రానిగ్మా ఆ కొలతకు నిలుస్తుంది.

మూడో అధ్యాయం అంత గట్టిగా లేదు. మనుషులు వచ్చాక లోకం పెద్దదవుతుంది, ఆట పలచబడుతుంది. ఇక్కడ కొలంబస్, బెల్, ఎడిసన్ వంటి చరిత్ర పురుషులను తలపించే పాత్రలు కనిపిస్తాయి. ఆర్క్ వాళ్లకు సాయపడితే ఆవిష్కరణలు సాగుతాయి, పట్టణాలు అంచెలంచెలుగా ఎదుగుతాయి. ఒక పట్టణంలో ఎన్నికలు కూడా వస్తాయి. ఆలోచనగా చూస్తే ఇది సృష్టి కథకు సహజమైన కొనసాగింపే. జీవం తరువాత నాగరికత, నాగరికత తరువాత దాని గర్వం. ఆచరణలో మాత్రం ఇది ఎవరితో ఎప్పుడు మాట్లాడాలో ఊహించే పని. ఒక ఊళ్లో విన్నదాన్ని మరో ఖండంలో ఎవరికి చేరవేయాలో సూచన సరిగా ఉండదు, చేసిన పనులనూ మిగిలిన పనులనూ నమోదు చేసే పట్టిక ఎక్కడా లేదు. పట్టణాల అభివృద్ధిలో చాలా భాగం ఐచ్ఛికం కావడం వల్ల మొదటిసారి ఆడేవాళ్లు దాన్ని సగంలో వదిలేసి ముందుకు సాగిపోతారు. అలా వదిలేస్తే ఆట చెప్పదలచిన మాటలో ఒక ముక్క వాళ్లకు అందదు. మార్గదర్శి పక్కన పెట్టుకుంటే తప్ప పూర్తి రుచి తెలియని భాగాన్ని నిర్మాణ లోపం అనే అనాలి. 'ఆ కాలంలో అన్నీ అంతే' అన్న సమర్థన చెల్లదు. 1991లో వచ్చిన జెల్డా: ఎ లింక్ టు ది పాస్ట్ ఆటగాడికి దారి చూపించడంలో ఎంత శ్రద్ధ తీసుకుందో తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు.

అదే అధ్యాయంలో లౌరాన్ ఉంది. ఎడారి దాటి చేరుకునే ఈ ఊరు మొదట కళకళలాడుతూ కనిపిస్తుంది. అక్కడి మనుషులంతా ఎప్పుడో చనిపోయారని, మనం చూసినది మెయ్‌లిన్ అనే అమ్మాయి ఒంటరితనం భరించలేక కల్పించుకున్న భ్రమ అని తరువాత బయటపడుతుంది. బతికించడమే తన పనిగా పెట్టుకున్న ఆర్క్‌కు, బతికించకుండా వదిలేయవలసిన మృతులు ఎదురుపడడం ఇక్కడే. కథను ఇంత తెలివిగా ఎదురు తిప్పగలిగిన రచయితలు ఆ పక్కనే వస్తువుల చేరవేత పనులతో కాలక్షేపం చేయించడం చూస్తే చిరాకు వేస్తుంది.

పోరాటం గురించి అభిమానులు చెప్పేది నిజం. ఆర్క్ ఆయుధం బల్లెం. నిలబడి నొక్కితే ఒక రకం పోటు, పరుగెత్తుతూ నొక్కితే మరో రకం, ఎగిరి నొక్కితే ఇంకొకటి, పరుగులో ఎగిరి నొక్కితే గిర్రున తిరుగుతూ దూకడం. కొన్ని రకాల దాడులను అడ్డుకోవడానికి ఒక బటన్ ఉంది. ఇన్ని కదలికలూ మొదటి నుంచే చేతిలో ఉంటాయి, ఒక్కొక్కటీ శ్రమపడి తెరవవలసిన అవసరం లేదు. సీక్రెట్ ఆఫ్ మానా లాంటి ఆటలో ప్రతి దెబ్బ తరువాత బలం నిండేదాకా ఆగవలసి వస్తుంది. ఇక్కడ ఆ నిరీక్షణ లేదు, చేయి ఎంత చురుకైతే పోరు అంత చురుకు. సూపర్ నింటెండో మీది యాక్షన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో కదలిక ఇంత హాయిగా ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అయితే ఈ హాయిని లెవెళ్ల లెక్క, అంటే శత్రువులను చంపేకొద్దీ పెరిగే బలం అంకె, అక్కడక్కడ పాడు చేస్తుంది. శత్రువు కంటే రెండు మూడు లెవెళ్లు వెనకబడి ఉంటే మన దెబ్బకు తగ్గేది ఒకటో రెండో అంకెలు. బ్లడీ మేరీ అనే బాస్ (దారికి అడ్డు నిలిచే పెద్ద శత్రువు) దగ్గర ఈ సంగతి నెత్తిన పడుతుంది. అంతవరకు సాఫీగా వచ్చినవాడు కూడా అక్కడ ఎంత నేర్పుగా తప్పించుకున్నా గెలవలేడు; వెనక్కి వెళ్లి రాక్షసులను చంపి లెవెల్ పెంచుకు రావలసిందే. చేతి నేర్పుకు విలువ ఇస్తూ వచ్చిన ఆట ఒక్కసారిగా నేర్పును పక్కకు తోసి గుణకారపు పట్టిక చేతికివ్వడం న్యాయం కాదు. మంత్రవిద్య ఇంకా నాసిరకం. ఉంగరాల రూపంలో కొనుక్కునే మంత్రాలు వాడితే అయిపోతాయి, పెద్ద పోరాటాల్లో పనికి వచ్చేవి తక్కువ. ఆ వ్యవస్థను పూర్తిగా మరచిపోయి ఆడినా నష్టం లేదంటే అది అక్కడ ఎందుకు ఉన్నట్టు?

బొమ్మల గురించి, సంగీతం గురించి పెద్దగా వాదన అవసరం లేదు. ఆ యంత్రం చివరి రోజుల్లో వచ్చిన ఆట కనుక దాని శక్తిని చివరిదాకా పిండుకుంది. పాత్రల రూపకల్పన కాముయి ఫుజివారాది, సంగీతం మియోకో తకావోకా, మసనోరి హికిచిలది. క్రిస్టా గ్రామపు బాణీ వినగానే ఇంటి గుర్తు అనిపించేంత మెత్తగా ఉంటుంది, కథ ముందుకు పోయాక ఆ మెత్తదనమే గుచ్చుకుంటుంది. ఒక చిన్న ముచ్చట మాత్రం చెప్పకుండా ఉండలేను: ఈ ఆటలో మెనూ అనేది జాబితా కాదు, మొదట్లో తెరిచిన ఆ పెట్టె లోపలి భాగం. ఆయుధాలకు ఒక గది, కవచాలకు ఒక గది. వస్తువు మార్చుకోవాలన్నా ఆ నిషిద్ధమైన పెట్టెలోకి దిగి యోమి ఉండే చోట తిరిగి రావాలి. చేసిన తప్పులోకే పదే పదే వెళ్లి సామాను సర్దుకుంటూ ప్రయాణం చేస్తున్నామన్నమాట. కొంచెం నెమ్మదిగా నడిచే మెనూ అని ఫిర్యాదు చేసేవాళ్లున్నారు. ఆ నెమ్మదిని నేను సంతోషంగా భరిస్తాను.

ఇంగ్లీషు అనువాదం మాత్రం కథ స్థాయికి తగ్గట్టు లేదు. వాక్యాలు పొడిపొడిగా, కొన్నిచోట్ల ఎవరు ఎవరితో అంటున్నారో తెలియనంత మొద్దుగా ఉంటాయి. లోకం వెలుగు, చీకటి అన్న రెండు శక్తుల మధ్య నలుగుతోందన్న తాత్త్వికమైన మాట చెప్పవలసిన చోట అనువాదం తడబడుతుంది. కథ దృశ్యాల మీదా చర్యల మీదా ఎక్కువగా ఆధారపడడం వల్ల బతికిపోయింది గాని, మాటల మీదే నడిచే ఆటయితే ఈ అనువాదంతో మునిగిపోయేది.

నాలుగో అధ్యాయం గురించి మాట్లాడాలంటే ముగింపు విప్పక తప్పదు. ఆడే ఉద్దేశం ఉన్నవాళ్లు ఈ పేరా వదిలేయవచ్చు. ఆర్క్‌ను పంపిన పెద్దాయన వెనక ఉన్నది చీకటి శక్తి అని, ఖండాలనూ జీవులనూ లేపింది దాని ప్రయోజనం కోసమేనని తేలుతుంది. మానవజాతిని తన లెక్క ప్రకారం ఏరివేయాలని చూసే బెరూగా అనే శాస్త్రవేత్త కూడా మన చేతుల మీదుగానే మేల్కొన్నవాడు. ఈ అధ్యాయం హడావిడిగా ఉంటుంది. బెరూగా వంటి పాత్రకు దక్కవలసిన తెర సమయం దక్కలేదు, కొన్ని మలుపులు వచ్చినంత వేగంగానే పోతాయి. కాని చివరి అరగంట ఆ తొందరను మరిపిస్తుంది. చీకటి శక్తిని ఓడిస్తే దాని సృష్టి అయిన పాతాళం కూడా పోతుంది, క్రిస్టా పోతుంది, ఆర్క్ కూడా పోతాడు. ఆ సంగతి తెలిసే అతను గెలుస్తాడు. గెలిచాక తన ఊళ్లో ఒక్క రోజు గడపడానికి అనుమతి దొరుకుతుంది. ఆ రోజు మనం చేయడానికి పనేమీ ఉండదు, ఊళ్లో తిరిగి అందరినీ పలకరించి పడుకోవడం తప్ప. రాక్షసుడిని చంపి రాజ్యం అందుకునే ముగింపులే లెక్కలేనన్ని ఉన్న కాలంలో, తాను నిలబెట్టిన లోకంలో తనకే చోటు లేని కథానాయకుడిని, దాని మీద నిష్ఠూరమాడని కథానాయకుడిని ఈ ఆట మనకు ఇచ్చింది.

ఇక దీనికి వ్యతిరేకంగా వినిపించే వాదాల్లో గట్టిది ఒకటుంది. క్లాసిక్ అన్నది తరువాతి ఆటల మీద ముద్ర వేయాలి. టెర్రానిగ్మా ముద్ర ఎక్కడ ఉంది అని అడుగుతారు. ప్రభావాన్ని కొలతగా తీసుకుంటే, క్రోనో ట్రిగర్ పక్కన దీన్ని కూర్చోబెట్టడం కష్టమే, ఆ మాట ఒప్పుకోవాలి. కాని ప్రభావం అన్నది ఆట చేతిలో ఎంత ఉంటుందో పంపిణీ చేసేవాళ్ల చేతిలో అంతకంటే ఎక్కువ ఉంటుంది. అమెరికాలో అమ్మకానికే రాని ఆట అక్కడి రూపకర్తల మీద ముద్ర వేయలేదని తప్పుపట్టడం, తాళం వేసిన గదిలోని దీపం వీధిని వెలిగించలేదని తప్పుపట్టడమే. అభిమానుల ఎదురు వాదం కూడా నాకు అంతే బలహీనంగా కనిపిస్తుంది: అరుదుగా దొరుకుతుంది కాబట్టి గొప్పదన్న ధోరణి. దొరకకపోవడం ఆట గుణం కాదు. రేపు అందరికీ సులభంగా దొరికినా లాసాలో మేల్కొన్న తరువాతి మౌనం అలాగే ఉంటుంది, చేరవేత పనుల చిక్కూ అలాగే ఉంటుంది.

అంచేత సూపర్ నింటెండో తరపు రోల్ ప్లేయింగ్ ఆటల్లో దీని స్థానం నా లెక్కలో క్రోనో ట్రిగర్‌కు ఒక మెట్టు కింద, సీక్రెట్ ఆఫ్ మానాకు ఒక మెట్టు పైన. క్రోనో ట్రిగర్ దాదాపు తప్పు లేని పనితనం. టెర్రానిగ్మాలో తప్పులు వెతకనవసరం లేదు, ఎదురొస్తాయి. కాని క్రోనో ట్రిగర్ అడగని ప్రశ్న ఇది అడిగింది. సోల్ బ్లేజర్, ఇల్యూజన్ ఆఫ్ గాయా ముందు ఆడి ఉండవలసిన అవసరం లేదు, కథలు వేరు. ఆడినవాళ్లకు మాత్రం క్వింటెట్ ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో చూసే అదనపు ఆనందం ఉంటుంది. రోల్ ప్లేయింగ్ ఆటలంటే పాత్రల సంభాషణలూ బృంద వ్యూహాలూ అని భావించేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు, ఎందుకంటే ఇక్కడ బృందం లేదు, ఆర్క్ మొదటి నుంచి చివరిదాకా ఒక్కడే పోరాడతాడు.

ఎప్పుడైనా దీన్ని మళ్లీ విడుదల చేసేవాళ్లు ఉంటే, అనువాదం పూర్తిగా కొత్తగా రాయించాలి. పట్టణాల పనులకు ఒక చిట్టా జోడించాలి. బ్లడీ మేరీ లెక్కను సవరించాలి. మంత్రాలను తీసేసినా ఎవరూ అడగరు. పెట్టె లోపలి మెనూను మాత్రం వేగం పేరుతో జాబితాగా మార్చకూడదు. మూడో అధ్యాయంలో జంతువుల దగ్గర బటన్ నొక్కితే ఏమీ జరగడం లేదని కొత్త ఆటగాళ్లు తికమకపడతారేమోనన్న జాలితో, 'ఇక మీరు జంతువులతో మాట్లాడలేరు' అని తెర మీద సూచన వేయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే, దాన్ని అక్కడే ఆపాలి.